గాలి వెళ్ళి ఊపిరితిత్తులు ఉబ్బుతాయా, అవి ఉబ్బితేనే గాలి వెళ్తుందా?

రెండోదే నిజమండీ. ఊపిరి పీలిస్తే ఛాతీకంటే ముందు పొట్ట ఎందుకు లేస్తుందని కూడా అడిగారు కదా, రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది.

ఊపిరితిత్తులకు తమంతట తాము విచ్చుకునే కండరాలు లేవు. వాటి కింద గొడుగులా వంగి ఉండే ఉదరవితానం (డయాఫ్రమ్) అనే కండరపు పొర అసలు పనిమంతురాలు. అది బిగుసుకుంటే చదునై కిందికి దిగుతుంది, పేగుల్ని నొక్కుతుంది, అందుకే పొట్ట ముందుకొస్తుంది. అదే సమయంలో పక్కటెముకల మధ్య కండరాలు ఎముకల్ని పైకి, బయటికి లాగుతాయి. ఛాతీ గది పెద్దదవుతుంది.

మరి ఊపిరితిత్తులు దాంతోపాటు ఎందుకు సాగుతాయి? నాకు బాగా నచ్చే భాగం ఇదే. ఊపిరితిత్తుల మీద ఒకటి, ఛాతీ గోడ లోపలివైపు ఒకటి, రెండు పలుచని పొరలు, మధ్యలో కాస్త ద్రవం. తడి గాజు పలకలు రెండు అతుక్కుంటే జారతాయి గానీ ఊడిరావు చూడండి, అలాగన్నమాట. అలా సాగినప్పుడు ఊపిరితిత్తుల లోపలి గాలి పీడనం బయటి గాలికంటే సుమారు 1 మిల్లీమీటరు పాదరసం మేర తగ్గుతుంది. అంత చిన్న తేడాకే దాదాపు 500 మిల్లీలీటర్ల గాలి లోపలికి వస్తుంది.

వదిలేటప్పుడు, విశ్రాంతిగా ఉంటే, కండరాలు సడలితే చాలు. సాగిన ఊపిరితిత్తులు రబ్బరులా వెనక్కి ముడుచుకుని గాలిని నెట్టేస్తాయి. దగ్గినా, పరుగెత్తినా మాత్రం పొట్ట కండరాలు కూడా తోడవుతాయి.

ఒక చేయి పొట్టమీద, ఇంకోటి ఛాతీమీద పెట్టుకుని వెల్లకిలా పడుకుని చూడండి, ఉదరవితానం కదలిక మీకే తెలుస్తుంది.