అమెరికాలో చాలామంది ఓటు ఎందుకు వేయరు? అక్కడున్న తెలుగువాళ్ళు వేస్తారా?

నేను వేస్తాను. మావారు వేయరు, అంటే మొన్నమొన్నటి దాకా వేయలేదు. ఇద్దరం 2019లో ఒకే రోజు, ఒకే హాల్లో చెయ్యెత్తి ప్రమాణం చేసి పౌరసత్వం తీసుకున్నాం. బయటికొచ్చే దారిలో బల్ల వేసుకుని కూర్చున్న ఒకావిడ ఇద్దరి చేతిలోనూ ఓటరు నమోదు ఫారం పెట్టింది. నేను అక్కడే నిలబడి నింపి ఇచ్చేశాను. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత అదేమైందో మా వాషింగ్ మెషీన్‌కే తెలియాలి. కాబట్టి ఈ ప్రశ్నకి రెండు వైపుల జవాబూ మా ఇంట్లోనే ఉంది. ఉండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో.

ముందు లెక్క సంగతి. అధ్యక్ష ఎన్నికల్లో మరీ అంత తక్కువేం కాదు. 2020లో అర్హులైనవాళ్ళలో సుమారు 66 శాతం వేశారు, వందేళ్ళకు పైగా అంత రాలేదట. 2024లో 64 దగ్గర ఆగింది. మన 2024 లోక్‌సభ ఎన్నికల్లోనూ దేశం మొత్తం మీద పోలైంది దాదాపు 66 శాతమే. (కాకపోతే మన దగ్గర జాబితాలో పేరున్నవాళ్ళని లెక్కేస్తారు, ఇక్కడ పేరు నమోదు చేసుకోనివాళ్ళని కూడా కలిపి లెక్కేస్తారు.) అధ్యక్షుడి పేరు బ్యాలెట్ మీద లేని ఏడాది చూడాలి అసలు సంగతి. 2014లో 36 శాతం. ఇక స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్ అంటే పదిమందిలో ఒక్కరొచ్చినా గొప్పే అనుకునే ఊళ్ళు బోలెడు.

అందరూ చెప్పే కారణం మంగళవారం. 1845 నాటి చట్టం ప్రకారం నవంబరులో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం పోలింగ్. దేశమంతటికీ సెలవంటూ లేదు. మన దగ్గరైతే జీతంతో సెలవివ్వాలని చట్టమే ఉంది. నేనూ మొదట్లో ఇదే కారణం అనుకున్నాను. కానీ టెక్సస్‌లో ఆ మంగళవారానికి ముందే ఎర్లీ ఓటింగ్ దాదాపు రెండు వారాలు నడుస్తుంది. అంతకంటే విచిత్రం, మే నెలలో జరిగే స్థానిక ఎన్నికలు శనివారమే పెడతారు. ఆ శనివారం నేను వెళ్ళేసరికి నా ముందున్నది ఇద్దరు. వచ్చేటప్పుడు క్రికెట్ గ్రౌండ్ దగ్గర మా అబ్బాయిని ఎక్కించుకోవడానికి మాత్రం కారు ఆపే చోటు దొరకలేదు.

అందుకే టైం లేక వేయరంటే నేను ఒప్పుకోను. రెండు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ విషయం వేరు, వాళ్ళకి నిజంగానే కుదరదు. మిగతావాళ్ళలో చాలామందికి ఎన్నిక ఉందన్న సంగతే తెలియదు. ఎవరూ వచ్చి చెప్పరు.

2024 మే 13న ఆంధ్రాలో పోలింగ్ అయితే మా తమ్ముడు హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్ళాడు. సంక్రాంతికి మల్లే బస్సులన్నీ నిండిపోతే సగం దూరం నిలబడే వెళ్ళాడు. ఎందుకురా అంత కష్టం అంటే, "వెళ్ళకపోతే నాన్న ఊరుకుంటారా? వీధిలో అందరికీ తెలిసిపోతుంది" అన్నాడు. ఊళ్ళో స్లిప్పు ఇంటికి తెచ్చిస్తారు, మధ్యాహ్నం దాకా రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, వేలి మీద సిరా చుక్క లేకపోతే టీ కొట్టు దగ్గర జవాబు చెప్పుకోవాలి. ఆంధ్రాలో 80 శాతం దాటింది మరి. అదే రోజు హైదరాబాద్ నియోజకవర్గంలో 48 శాతం! అక్కడున్నదీ మన మనుషులేగా. అడిగేవాళ్ళు లేనిచోట మనమూ అమెరికా వాళ్ళలాగే ఉంటాం.

ఇక్కడ పేరు నమోదు చేసుకునే పని పూర్తిగా మనదే. టెక్సస్‌లో పోలింగ్‌కి 30 రోజుల ముందే అయిపోవాలి. ఈ నియమం నాకు దెబ్బ తగిలితేగానీ అర్థం కాలేదు. 2022లో మేం ఇల్లు మారాం. ఎంతో దూరం కాదు, రెండు మైళ్ళు. ఊరు అదే ఫ్రిస్కో. అయితే ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, అది మారితే ఓటు మళ్ళీ నమోదు చేసుకోవాలి. మేం రోడ్డు దాటామంటే కౌంటీ దాటామన్నమాట. డ్రైవింగ్ లైసెన్స్ మీద అడ్రస్ మార్చాను, బ్యాంకులో మార్చాను, కిరాణా డెలివరీ యాప్‌లో కూడా మార్చాను. ఓటు గుర్తే రాలేదు. నాకు తెలిసేసరికి గడువు దాటి వారం. నవంబరు ఎన్నిక పోయింది. మావారు ఆ రోజు సాయంత్రం నాకు ప్రత్యేకంగా అల్లం టీ పెట్టిచ్చి, "ఇప్పుడు ఇద్దరం సమానం" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మనవాళ్ళలో ఇంకో భయం ఉంది. ఓటరుగా చేరితే జ్యూరీ డ్యూటీకి, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోవడానికి, పిలుస్తారని. కనీసం నలుగురైదుగురు ఇదే కారణం నాతో చెప్పారు. టెక్సస్‌లో జ్యూరీకి పేర్లు ఓటరు జాబితా నుంచే కాదు, డ్రైవింగ్ లైసెన్స్ జాబితా నుంచి కూడా తీస్తారు. పౌరసత్వం లేని మా మరిదికి కూడా నోటీసు వచ్చింది, పౌరుణ్ణి కాదని రాసి తిప్పి పంపాడు. ఓటు మానేసి తప్పించుకునేదేమీ లేదు. చెప్తే వింటారా, అబ్బే.

సరే, వెళ్ళినవాళ్ళకైనా సుఖంగా ఉంటుందా అంటే, నా మొదటి ఓటు గురించి చెప్పాలి. 2020 అక్టోబరు, లైబ్రరీలో ఎర్లీ ఓటింగ్, అందరికీ మాస్కులు. తెర మీద అధ్యక్షుడు అయ్యాడు, సెనేటర్ అయ్యాడు, ఆపైన జడ్జీలు మొదలయ్యారు. ఇక్కడ జడ్జీలు కూడా పార్టీ పేరుతో ఎన్నికలకి నిలబడతారు. ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. ఒక్క పేరూ వినలేదు. అంతకు ముందు దాకా ఒక్క మీట నొక్కితే బ్యాలెట్ మొత్తం ఒకే పార్టీకి పడే సౌకర్యం ఉండేదట, ఆ ఏడాదే తీసేశారు. పేర్లు వెతుకుదామని ఫోన్ తీశాను. వెనక నుంచి ఒక పెద్దాయన "అమ్మా, ఇక్కడ ఫోన్ కుదరదు" అన్నాడు. వంద అడుగుల లోపల ఫోన్ వాడకూడదు. పరీక్ష హాల్లో కాపీ కొడుతూ దొరికిపోయినట్టు చెమటలు పట్టాయి. కాగితం తెచ్చుకోవచ్చట, అది నాకు తెలియదు. సగం ఖాళీగా వదిలేశాను.

వదిలేసినవాటిలో రైల్‌రోడ్ కమిషనర్ పదవి ఒకటి. రైళ్ళతో నాకేం పని అనుకున్నాను. నాలుగు నెలలు తిరక్కుండా, 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి టెక్సస్ చీకటైపోయింది. మూడు రోజులు కరెంటు లేక పిల్లల్ని దుప్పట్లలో చుట్టి హాల్లో పడుకోబెట్టాం. గ్యాస్ బావులు, పైపులు గడ్డకట్టి విద్యుత్ కేంద్రాలకి గ్యాస్ అందకపోవడం ఒక పెద్ద కారణమని తర్వాత చదివాను. ఆ గ్యాస్ వ్యవహారం చూసేది ఎవరయ్యా అంటే, ఈ రైల్‌రోడ్ కమిషనే. పేరులోనే రైలు, చేతిలో ఉన్నదంతా చమురూ గ్యాసూ. అప్పటి నుంచి బ్యాలెట్ ముందే చూసుకుని, ఎవరికి వేయాలో చీటీ మీద తెలుగులో రాసుకుని వెళ్తున్నాను.

మావారి వాదన వేరు, దాన్నీ కొట్టిపారేయలేను. "టెక్సస్‌లో అధ్యక్షుడికి వేసినా ఒకటే, మానేసినా ఒకటే" అంటారు. 1980 నుంచి ఈ రాష్ట్రం ప్రతిసారీ రిపబ్లికన్ అభ్యర్థికే వెళ్ళింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీలో ఒక్కో రాష్ట్రానికి ఇన్ని ఓట్లని ఉంటాయి, ఇక్కడ గెలిచినవాళ్ళకే ఈ రాష్ట్రం ఓట్లన్నీ. ఓడే పార్టీవాళ్ళు దండగ అంటారు, గెలిచే పార్టీవాళ్ళు ఎలాగూ గెలుస్తాం కదా అంటారు. అట్లాంటాలో ఉండే నా స్నేహితురాలికి అదే 2020లో తెలుగులో మాట్లాడేవాళ్ళు కూడా ఫోన్ చేసి ఓటు అడిగారు. వాళ్ళ రాష్ట్రం జార్జియా ఆ ఏడాది తేలింది 11,779 ఓట్ల తేడాతో. మాకు మాత్రం ఇంటి కప్పు మార్చుతామనేవాళ్ళ ఫోన్లు తప్ప ఇంకేవీ రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు మనిషి మా ఆఫీసులో నా పక్క సీటావిడ. నల్లజాతి మనిషి, అరవై దాటాయి, తూర్పు టెక్సస్‌లో పుట్టింది. నీళ్ళ బోర్డు ఎన్నిక కూడా వదలదు. ఒకసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్తే హాల్లో మనవళ్ళ ఫొటోల మధ్య పసుపు పట్టిన చిన్న కాగితం ఫ్రేము కట్టి ఉంది. వాళ్ళ అమ్మమ్మ పోల్ ట్యాక్స్ రసీదు, ఒక డాలరు డెబ్బై ఐదు సెంట్లు. ఓటు వేయాలంటే జనవరి నెలాఖరులోపు ఆ పన్ను కట్టి తీరాలి, పత్తి ఏరే కుటుంబానికి అది చిన్న డబ్బు కాదు. టెక్సస్‌లో ఆ పన్ను 1966 దాకా పూర్తిగా పోలేదు. మా ఇంటాయన సంగతి ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు, సిగ్గేసి.

చివరికి ఆయన్ని కదిలించింది ఇవేవీ కావు, ప్రాపర్టీ ట్యాక్స్. ఇక్కడ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు, ఇంటి పన్ను మాత్రం వాచిపోతుంది, అందులో పెద్ద ముక్క స్కూళ్ళకే. మొన్నొక మే నెలలో స్కూళ్ళకి అప్పు తేవడానికి బాండ్ల మీద ఓటింగ్ వచ్చింది. మనవాళ్ళు ఇల్లు కొనేది స్కూల్ రేటింగ్ చూసి, కానీ ఆ స్కూల్ మీద ఓటుంటే ఎవరికీ పట్టదు. నేను నమూనా బ్యాలెట్ ముద్రించి ఫ్రిజ్ మీద అంటించాను. దాని మీద, ఇది ఆస్తి పన్ను పెంపు అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది, అలా రాయాలని టెక్సస్ చట్టం. పాల కోసం ఫ్రిజ్ తీయబోయిన మనిషి అది చదివి ఆగిపోయారు. "ఇదెప్పుడు?" అన్నారు. నమోదుకి ఇంకా నాలుగు రోజులుంది, ఫారం నేనే తెచ్చిచ్చాను.

శనివారం పొద్దున ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆయన బాండుకి వ్యతిరేకంగా నొక్కి, మిగతావన్నీ ఖాళీగా వదిలేసి రెండు నిమిషాల్లో బయటికొచ్చారు. నేను అనుకూలంగా వేశాను. ఒకరి ఓటు ఒకరం కొట్టేసుకుని, దారిలో ఇడ్లీ తిని ఇంటికొచ్చాం.