మనవడికి ప్రపంచకప్ మ్యాచ్ చూపించాలి, గాజులు తాకట్టు పెట్టమంటారా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. పెన్షన్ వస్తుంది, అంబాజీపేట దగ్గర కొబ్బరితోట ఉంది. అబ్బాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. జూన్‌లో నేనూ మా ఆవిడా వెళ్లి సెప్టెంబరు దాకా ఉంటాం. పదేళ్ల మనవడికి ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్ చూపిస్తానని మాటిచ్చాను. ఐదుగురం. రీసేల్‌లో, అంటే ముందు కొన్నవాళ్లు తిరిగి అమ్మే చోట, ఒక్కో టికెట్ 400 డాలర్లట. గాజుల మీద లోను తీసుకుని ఇప్పుడే కొనాలా, ఆఖర్లో రేటు పడుతుందా?

జవాబు: మాస్టారూ, ముందు గాజుల సంగతి. బీరువాలోంచి తీయకండి. 400 చొప్పున ఐదంటే 2,000 డాలర్లు, డాలర్ 90 రూపాయల లెక్కన వేసుకున్నా 1,80,000. ప్రపంచకప్ నడిపే ఫిఫా సంస్థ రీసేల్ సైటులో కొనేవాళ్ల దగ్గరా 15 శాతం, అమ్మేవాళ్ల దగ్గరా 15 శాతం పట్టుకుంటారు. అబ్బాయి చూసిన 400లో ఆ 15 కలవకపోతే లెక్క 2,07,000కి వెళ్తుంది. డల్లాస్ మ్యాచ్‌లు జరిగే స్టేడియం ఉన్నది పక్కనున్న ఆర్లింగ్టన్‌లో, ఫ్రిస్కో నుంచి కారు తీయాల్సిందే, పార్కింగ్ ఖర్చు మళ్లీ వేరే. ఒక పూట ఆటకి నెలనెలా వడ్డీ కట్టే అప్పు మీకొద్దు.

60 డాలర్ల టికెట్లున్నాయని ఎవరైనా చెబితే నిజమే, కానీ అవి ఆడే దేశాల ఫుట్‌బాల్ సంఘాలు తమ అభిమానులకిచ్చే కొద్దిపాటి టికెట్లు. మనకి రావు.

ఇక రేటు పడుతుందా అన్నది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అమలాపురం బస్సు గుర్తు తెచ్చుకోండి. భోగికి ముందు రోజు సీటు రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది, అదే బస్సు కనుమనాడు అమలాపురం వెళ్లేటప్పుడు సగం ఖాళీ. కొబ్బరికాయైతే రేటు లేనప్పుడు రాశి పోసి నాలుగు రోజులు ఆపుకుంటాం, స్టేడియంలో సీటుని అలా ఆపలేరు, మ్యాచ్ మొదలైతే దాని విలువ సున్నా. అందుకే 2025లో అమెరికాలోనే జరిగిన, దేశాలు కాక క్లబ్బుల జట్లు ఆడే క్లబ్ వరల్డ్ కప్‌లో చెల్సీ, ఫ్లుమినెన్సే సెమీఫైనల్ టికెట్‌ని 473.90 డాలర్ల నుంచి 13.40కి దించేశారు. అదే టోర్నీలో అట్లాంటాలో చెల్సీ మ్యాచ్‌కి 70 వేలకు పైగా సీట్లున్న స్టేడియంలో వచ్చింది 22,137 మంది. ముందు కొన్నవాళ్లకి ఎంత మంటగా ఉండి ఉంటుందో!

అలాగని దేశాలు ఆడే ప్రపంచకప్‌కీ ఇలాగే పడుతుందని మాటివ్వను. 1994లో ఇదే అమెరికాలో మ్యాచ్‌కి సగటున దాదాపు 69 వేల మంది వచ్చారు, ఆ రికార్డు అప్పట్నుంచి చెక్కుచెదరలేదు. డల్లాస్‌లో అర్జెంటీనా, ఇంగ్లండ్ ఆడేవాటి జోలికి పోవద్దు. జూన్ 25న జపాన్ ఆడే మ్యాచ్ లాంటిదానికి చూడండి, ఐదు కాదు, రెండే టికెట్లు, మీకూ మనవడికీ. వాటి ఖర్చు మీ తోటలో ఒక కొబ్బరి దింపులో కూలీ, ఎరువు ఖర్చు పోగా చేతికొచ్చే డబ్బు దాటకూడదు. ఆ అంకె ఈరోజే కాగితం మీద రాసుకుని, మ్యాచ్ రోజు పొద్దుటిదాకా చూస్తూ ఉండండి. రాకపోతే వదిలేయండి.

వదిలేసినా మాట పోదు. ఫ్రిస్కోలోనే ఎఫ్‌సీ డల్లాస్ జట్టు ఆడుతుంది. ప్రపంచకప్ కోసం ఆగిన అక్కడి లీగ్ జులై మధ్యలో మళ్లీ మొదలవుతుంది, మీరు సెప్టెంబరు దాకా ఉంటారు కదా, ఐదుగురూ వెళ్లొచ్చు. గచ్చిబౌలిలో మన బాలయోగి గారి పేరున్న స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడే రోజుల్లో మా వాణ్ణి తీసుకెళ్లాను. మధ్యలో పరుగుల ట్రాక్ అడ్డున్నా, గోల్‌కీపర్ బంతిని తన్నిన చప్పుడు 'ధబ్' మని వినపడేసరికి వాడు కుర్చీ మీద నిలబడిపోయాడు. ఎవరు గెలిచారంటే ఇవాళ చెప్పలేడు, ఆ చప్పుడు మాత్రం నోటితో చేసి చూపిస్తాడు.

ఇంకొకటి, నన్ను దిగులుపెడుతున్నది. మూడు నెలల పైన ఉండబోతున్నారు, హెల్త్ ఇన్సూరెన్స్ ఊసే లేదు ఉత్తరంలో. అక్కడ ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళితే బిల్లు ఈ టికెట్లకి ఎన్నో రెట్లు కావచ్చు. ఉన్న బీపీ, షుగరు దాచకుండా రాసి, మీ ఇద్దరికీ పాలసీ ఈ వారమే తీసుకోండి. టికెట్ల డబ్బు దాని తర్వాతే పక్కన పెట్టండి, ఏ మ్యాచ్ కావాలో ఈలోగా మనవడినే ఫోన్‌లో అడగండి.