వంటింట్లోంచే కర్రీ పాయింట్ నడపొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్. నా గుత్తివంకాయ, పప్పుచారు తిన్నవాళ్లంతా కర్రీ పాయింట్ పెట్టమంటున్నారు. షాపు అద్దె భరించే స్తోమత లేదు, ఇంట్లోనే వండి పార్సిల్స్ ఇద్దామనుకుంటున్నా. మావారేమో లైసెన్సులు, అధికారులు అని భయపెడుతున్నారు. పది రకాలు లేకపోతే జనం రారని మా ఆడపడుచు అంటోంది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: ముందు మీవారి టెన్షన్ తీర్చేద్దాం, అది చిన్నదే. ఇంట్లో వండి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దగ్గర నమోదు చేసుకోవాల్సిందే. అయితే మీలాంటి చిన్న వ్యాపారానికి లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫోస్కోస్ అనే వాళ్ల వెబ్‌సైట్‌లో ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా వివరాలు పెట్టి దరఖాస్తు చేస్తే 14 అంకెల నంబరు వస్తుంది. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఈ పనికి వేలల్లో అడిగే ఏజెంట్లు తగులుతారు, ఇంట్లో ఫోన్ బాగా వాడే పిల్లలుంటే వాళ్ల చేత చేయించుకోండి.

అసలు చిక్కు గ్యాస్ బండతో. ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌తో వండి అమ్మకూడదు, వ్యాపారానికి 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు, పక్క ఫ్లాట్ వాళ్లతో పోపు ఘాటు దగ్గర మాటామాటా వచ్చిందంటే మాత్రం ఫిర్యాదు మొదట వెళ్లేది దీని మీదే. అందుకే బండ తెచ్చుకోకముందే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో, అద్దె ఇల్లైతే ఓనర్‌తో కూడా మాట్లాడి ఒప్పించుకోండి.

ఇక పది రకాల సంగతి. మీ ఆడపడుచు మాట ఈ ఒక్క విషయంలో వినకండి! లెక్క చూడండి. పది రకాలు, రకానికి పది ప్యాకెట్లు, అంటే మొత్తం 100. సరుకులు, గ్యాస్, ప్యాకింగ్ అన్నీ కలిపి ప్యాకెట్‌కి 30 రూపాయలు పడిందనుకుందాం, మీరు 50కి అమ్ముతారు. అన్నీ పోతే 2,000 మిగులుతుంది. కానీ ప్రతి రకంలో రెండేసి మిగిలిపోయాయనుకోండి, చేతికొచ్చేది 4,000, పెట్టిన ఖర్చు 3,000, అంటే మిగిలేది వెయ్యే. ఇరవై ప్యాకెట్లు అమ్ముడుపోకపోతే సగం లాభం పోయినట్టే, పైగా ఆ కూరలు రాత్రికి మీరే తినాలి. కర్రీ పాయింట్లు చాలావరకు మూతపడేది వంట బాగోలేక కాదు, ఇలా మిగిలిపోయే.

కాబట్టి ఒక పప్పో పప్పుచారో, ఒక వేపుడు, ఒక పులుసు, ఒక రోటి పచ్చడి, అంతే. రేపటి మెనూ ముందురోజు సాయంత్రమే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, రాత్రికల్లా ఆర్డర్లు తీసుకుని, దానికి నాలుగైదు ప్యాకెట్లు మాత్రమే ఎక్కువ వేసి వండండి. ఉద్యోగాల నుంచి వచ్చి కుక్కర్లో అన్నం పడేసి కూర కోసం చూసేవాళ్లే మీకు ఎక్కువగా వస్తారు, వాళ్లకి పది రకాలు కాదు, సాయంత్రం ఏడింటికల్లా వేడిగా అందడం ముఖ్యం. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినట్టు ఎప్పుడైనా ధర మండిపోతే రేటు పెంచి మాట పడేకంటే టమాటా పప్పు తీసేసి దోసకాయ పప్పు పెట్టేయండి, మెనూ మీ చేతిలోనే ఉంది కదా. ఒకటి మాత్రం మర్చిపోవద్దు, ఆ 30 రూపాయల్లో మీ కూలి లేదు. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి రోజుకి ఇంత అని ముందే రాసుకుని, అదీ ఖర్చులో కలిపాకే ధర పెట్టండి. ఇంటి ఆడవాళ్లు ఎక్కువగా వదిలేసే లెక్క ఇదే.

పొగలు కక్కే పులుసుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బర్ బ్యాండ్ వేసే అలవాటు మీరు చేసుకోకండి. గిన్నెలు, క్యారియర్లు తెచ్చుకునేవాళ్లకి ఐదు రూపాయలు తగ్గించండి, ఒకే అపార్ట్‌మెంట్ కాబట్టి చాలామంది తెచ్చుకుంటారు. వండిన కూర ఇచ్చేదాకా 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంచితేనే సూక్ష్మక్రిములు పెరిగేది. నిన్నటి కూర ఇవాళ్టి దాంట్లో కలపడం, వేపుడు నూనెని మళ్లీ మళ్లీ కాచి వాడడం అసలొద్దు.

ప్రశ్న: నేను విజయవాడలో ఇంటి నుంచి పులిహోర, చక్రపొంగలి ఆర్డర్ల మీద చేసిస్తాను. స్విగ్గీ, జొమాటోల్లో పెడితే జీఎస్టీ కట్టాలా?

జవాబు: 2022 జనవరి 1 నుంచి ఆ యాప్‌ల ద్వారా అమ్మే వండిన ఆహారం మీద 5 శాతం జీఎస్టీ యాప్‌లే వసూలు చేసి ప్రభుత్వానికి కడుతున్నాయి. మీ మొత్తం టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు, యాప్‌లో అమ్ముతున్నారన్న ఒక్క కారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మాత్రం వాళ్లు అడుగుతారు. చూసుకోవాల్సింది కమిషన్. 80 రూపాయల పులిహోరలో వాళ్ల వాటా పోగా మీకేం మిగులుతుందో సంతకం పెట్టకముందే కాగితం మీద వేసుకోండి. ఇంకోటి, యాప్‌లో ఆర్డర్ పడితే నిమిషాల్లో ప్యాకెట్ సిద్ధంగా ఉండాలి. ముందురోజు చెబితే వండే మీ పద్ధతికి అది కుదరదు కాబట్టి పులిహోర ఒక్కటే అక్కడ పెట్టి, చక్రపొంగలిని ఆర్డర్ల మీదే ఉంచండి.