పిల్లి గట్టెక్కుతోంది, అత్తయ్య అన్నం మానేస్తున్నారు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. రెండేళ్ల కిందట మా సెల్లార్‌లో దొరికిన పిల్లిపిల్లను తెచ్చి పెంచుకుంటున్నాను. పేరు చిట్టి. నిరుడు మామయ్య పోయాక అత్తయ్య తెనాలిలో ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చేశారు. పొద్దున్నే స్నానం చేసి, మడితో వండి, దేవుడికి నైవేద్యం పెట్టాకే ఆవిడ తింటారు. ఈ రోజుల్లో కూడా ఇంత మడి ఏమిటో నాకు అర్థం కాదు. మాది ఓపెన్ కిచెన్, తలుపు లేదు. చిట్టి గట్టెక్కి కూర్చుంటుంది. అది ఎక్కిన రోజు వండినదంతా పారబోసి ఆవిడ పస్తుంటారు. ఊరి నుంచి తెచ్చుకున్న తులసి కుండీని మొన్న అది తవ్వి పాడుచేసింది. మిగతా మొక్కల ఆకులు కూడా కొరుకుతోంది. ఆ రోజు అత్తయ్య ఏడ్చారు, దాని మీద చెంబెడు నీళ్లు కుమ్మరించారు. మావారు ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అంటారు. మా మరిదేమో గోనెసంచిలో కట్టి ఔటర్ రింగ్ రోడ్డు అవతల వదిలేసి వస్తానంటున్నాడు. ఇంట్లో రోజూ టెన్షనే. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ మరిదిని ఆపండి. పిల్లిని సంచిలో కట్టి ఊరి చివర వదిలేయడం మనవైపు పాత అలవాటే. పల్లెలో గడ్డివాములూ ఎలుకలూ ఉండేవి, ఎలాగో బతికేది. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఫ్లాట్‌లో గిన్నెలో తిండి తిన్న చిట్టి ఔటర్ పక్కన ఎన్నాళ్లు బతుకుతుంది? పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు మాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా. చట్టం మాట అటుంచినా, అలా జరిగితే మీరు జన్మలో మర్చిపోరు. అత్తయ్య ఎదురుపడినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఆవిడ అడగని పాపం ఆవిడ నెత్తిన పడుతుంది.

ఇక మడి సంగతి. దాని గురించి మీరు కొంచెం విసుగ్గా రాశారు. మడి మాట కాసేపు పక్కన పెట్టండి. మలవిసర్జనకు వెళ్లి ఇసుక తవ్విన పాదాలతోనే పిల్లి తిన్నగా వచ్చి గట్టెక్కుతుంది. కూరగాయలు తరిగే చోట, చపాతీ ఒత్తే చోట ఆ పాదాలు పడటం ఏ ఇంట్లోనైనా తప్పే. ఈ విషయంలో న్యాయం అత్తయ్య వైపే ఉంది. ఆ మాట మీరు ఆవిడతో పైకి అనండి. ఇన్నాళ్లూ ఎవరూ అని ఉండరు.

ఇంకొకటి గమనించండి. ఆవిడకు భర్త పోయారు. ఇల్లు, పెరడు, ఇరుగుపొరుగు అన్నీ తెనాలిలో ఉండిపోయాయి. మీ ఫ్లాట్‌లో ఇది నాది అని ఆవిడ అనుకోగలిగినవి రెండే: పొద్దుటిపూట ఆ గట్టు, బాల్కనీలో తను తెచ్చుకున్న కుండీలు. పిల్లి సరిగ్గా ఆ రెండింటి మీదే పడింది. ఆ రోజు ఆవిడ ఏడ్చింది ఒక్క తులసి మొక్క కోసమే అని నేననుకోను. చిట్టిని ఆవిడ ముద్దు చేయాలని ఆశ పెట్టుకోకండి, ఆ అవసరమూ లేదు. ఆవిడ జోలికి అది రాకుండా ఉంటే చాలు.

అదెలా అన్నదే అసలు ప్రశ్న. మన పెద్దవాళ్లు పాలూ పెరుగూ ఉట్టి మీద పెట్టేవారు. పిల్లికి బుద్ధి చెబుదామని ఎవరూ కూర్చోలేదు, దానికి అందే చోట ఏమీ ఉంచలేదంతే. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. నీళ్లు కొట్టడం, చప్పుడు చేయడం, చెప్పు విసరడం వల్ల పిల్లి నేర్చుకునేది ఒక్కటే: ఈ మనిషి ఉన్నప్పుడు ఎక్కకూడదు అని. అందరూ పడుకున్నాక ఎక్కుతుంది. పైగా ఆ మనిషిని చూస్తే బెదురుతుంది, బెదిరిన పిల్లి గోళ్లు చూపిస్తుంది. ఈ విషయం అత్తయ్యకు మీరు చెబితే పాఠం చెప్పినట్టుంటుంది. మీవారి చేత చెప్పించండి.

చిట్టి గట్టు ఎందుకు ఎక్కుతోందో ఒక వారం కనిపెట్టి చూడండి. ఏ వేళకు ఎక్కుతోంది, ఎక్కాక ఎటు వెళుతోంది? సింకు దగ్గర కూర్చుని కారే కుళాయిని నాకుతుంటే అది నీళ్ల కోసం వచ్చినట్టు. చాలా పిల్లులకు గిన్నెలో నిలవున్న నీళ్లకన్నా కదిలే నీళ్లు ఇష్టం. కుళాయి వాషర్ మార్పించి, తిండి గిన్నెకు దూరంగా రెండు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టండి. కిటికీ వైపు తిరిగి తోక కొనను ఆడిస్తుంటే గ్రిల్ మీది పావురాల కోసం. పాలగిన్నె, నెయ్యి డబ్బా వాసన చూస్తుంటే తిండి కోసం. ఏమీ చేయకుండా బారజాపుకుని పడుకుంటే అది రాయి చల్లదనం కోసం. మన ఎండల్లో గ్రానైట్ గట్టును మించిన చోటు పిల్లికి దొరకదు.

కారణం తెలిస్తే మందు సులువు. చల్లదనం కోసమైతే గ్రానైట్ దుకాణంలో మిగిలిపోయిన ముక్క ఒకటి తెచ్చి హాల్లో ఫ్యాన్ కింద నేలమీద వేయండి. పావురాల కోసమైతే హాలు కిటికీ పక్కన గట్టు కంటే ఎత్తుగా ఒక బల్ల వేయించండి. పిల్లికి ఎత్తు కావాలి. పైనుంచి ఇల్లంతా కనపడితే దానికి ధైర్యం. ఎత్తు ఎక్కడా ఇవ్వకుండా గట్టు దిగమంటే దిగదు. పాత పుస్తకాల అలమర పైభాగం ఖాళీ చేసి, జారకుండా గోనెపట్టా పరిచి, ఎక్కడానికి ఒక స్టూలు ఆనించినా సరిపోతుంది. అది అక్కడికి ఎక్కిన ప్రతిసారీ నాలుగు గింజలు తిండి పెట్టండి. గట్టెక్కితే మాత్రం అరవకుండా, మాట్లాడకుండా ఎత్తి కింద పెట్టేయండి. మీరు ‘చిట్టీ, ఏంటమ్మా ఇది’ అని బతిమాలడం కూడా దానికి ముద్దు కిందే లెక్క.

గట్టు మీద ఏమీ వదలకండి. పాలు ఫ్రిజ్‌లోకి, నెయ్యి అలమరలోకి, తోమిన గిన్నెలు బోర్లించి పైన స్టాండులోకి వెళ్లాలి. పదిసార్లలో ఒక్కసారి మీగడ దొరికినా సరే, ఆ ఒక్కసారి కోసం అది వందసార్లు ఎక్కుతుంది. మీవారు రాత్రి పెరుగన్నం గిన్నె గట్టు మీదే పెట్టి పడుకునే రకం అయితే ఆ అలవాటు ముందు మానాలి. వంట లేని వేళల్లో గట్టు అంచున రెండువైపులా అంటుకునే టేపు వేసిన అట్టలు పరచండి. పాదాలకు జిగురు తగలడం పిల్లికి చిరాకు, దానివల్ల దెబ్బేమీ తగలదు. పొయ్యి వెలిగించే ముందు మాత్రం మర్చిపోకుండా తీసేయండి. కొన్ని వారాల్లో వాటి అవసరం తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యం వేళ. పిల్లులకు తెల్లవారుజామున, సాయంసంధ్యలో చురుకు ఎక్కువ. అత్తయ్య స్నానం చేసి వంటింట్లోకి వచ్చే సమయం అదే కదా. ఆవిడ లేవకముందే మీరు లేచి, చిట్టితో కాసేపు తాడు లాగి ఆడించి, మీ బెడ్‌రూమ్‌లో తిండి పెట్టి తలుపు వేయండి. ఆడి తిన్న పిల్లి ఒళ్లు నాక్కుని నిద్రపోతుంది. లోపల నీళ్లూ ఇసుక ట్రే ఉండాలి సుమా. నైవేద్యం అయ్యేదాకా ఆ తలుపు తీయనని అత్తయ్యకు మాట ఇవ్వండి. వంటకు ముందు గట్టును సబ్బు, వేడినీళ్లతో తుడిచే పని కూడా మీరో మీవారో చేయండి, ఆవిడకు వదలకండి. “అత్తయ్యా, గట్టు మీదకి అది రాకుండా చూసే పూచీ నాది. రెండు నెలలు టైమివ్వండి” అనండి. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే ఆవిడ పస్తులు అక్కడే ఆగుతాయి.

తుడిచే దగ్గర ఒక హెచ్చరిక. ఫినాయిల్ వాడకండి. డెట్టాల్ లాంటివి కూడా వద్దు. వాటిలోని ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, విషం లోపలికి పోతుంది. పిల్లి రాకుండా కుండీల్లో కలరా ఉండలు వేయమని ఎవరైనా చెబుతారు, అదీ విషమే. కారం చల్లడం క్రూరత్వం, ఆ పాదాలతో అది కళ్లు రుద్దుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు దానికి అందనివ్వకండి, అవి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. జ్వరంగా ఉందని పారాసిటమాల్ ముక్క వేయడం ప్రాణం తీయడమే.

మొక్కల విషయంలో మీరు భయపడాల్సింది అత్తయ్య కోపానికి కాదు, చిట్టి ప్రాణానికి. ఏ మొక్కలున్నాయో రాయలేదు గానీ, మన బాల్కనీల్లో మామూలుగా కనపడేవే చెబుతాను. మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా, సింగోనియం, పీస్ లిల్లీ ఆకుల్లో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. కొరికితే నోరు మండి చొంగ కారుతుంది. కలబంద తింటే వాంతులు, విరేచనాలు. గన్నేరు, ఎడారి గులాబీ గుండె మీద పనిచేస్తాయి, సైకస్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఈ మూడూ ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. అన్నిటిలోకీ ప్రమాదం బొకేల్లో వచ్చే పెద్ద బాకా ఆకారం లిల్లీలు. ఆకు కొరికినా, ఒంటికంటిన పుప్పొడి నాకినా, పూలుంచిన నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు రెండు మూడు రోజుల్లో పాడైపోతాయి. దండల్లో కట్టే లిల్లీ వేరే మొక్క, దానితో కలగాపులగం చేసుకోకండి. మల్లె, గులాబీ, మందార, అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ ఉంచుకోవచ్చు.

మనీ ప్లాంట్‌ను కొక్కేనికి వేలాడదీయండి, తీగ కిందికి జారకుండా కత్తిరిస్తుండండి. పిల్లికి కొరకడానికి దానిదంటూ ఒక పచ్చిక ఉండాలి. ఇది అత్తయ్యకు మీరు అడగదగ్గ సాయం. పెళ్లిళ్లలో పాలికలు పోసి నవధాన్యాలు మొలకెత్తించిన చెయ్యి అయ్యుంటుంది ఆవిడది. గోధుమలు రాత్రి నానబెట్టి వెడల్పాటి మూకుడులో మట్టి వేసి చల్లితే వారం పది రోజుల్లో జానెడు గడ్డి వస్తుంది. చిట్టి కోసం అని కాకుండా, “మీ మొక్కల జోలికి రాకుండా ఉండాలంటే ఇలా చేయమన్నారు” అనే అడగండి. నిజమే కదా అది.

కుండీ తవ్వడానికి కారణం చాలాసార్లు ఇసుక ట్రేలోనే ఉంటుంది. అందులోని మలం రోజుకు రెండుసార్లు ఎత్తకపోతే, ట్రే ఇరుకైతే, వాషింగ్ మెషిన్ పక్కన హోరులో పెడితే, పిల్లి మెత్తటి మట్టి వెతుక్కుంటుంది. పెద్ద ట్రేలు రెండు, నిశ్శబ్దంగా ఉండే మూలల్లో పెట్టండి. కుండీల మట్టి మీద గులకరాళ్లు గానీ పగిలిన కుండ పెంకులు గానీ దగ్గరగా పేర్చండి, నీళ్లు పోయడానికి సందు ఉంటే చాలు. నారింజ తొక్కల వాసన చాలా పిల్లులకు గిట్టదు, అవి చుట్టూ వేయొచ్చు. నూనెల రూపంలో మాత్రం వాడకండి. ఇంకో చిన్న విషయం: కుండీల్లో కుప్పింటాకు అనే కలుపు మొక్క మొలిచిందేమో చూడండి. దాని వేరంటే పిల్లులకు పిచ్చి. ఉంటే వేరుతో సహా పీకి దూరంగా పారేయండి. తులసికి ఎత్తైన స్టాండు చేయించి కొత్త మట్టితో కొత్త మొక్క తెచ్చివ్వండి, నాటడం ఆవిడ చేతికే వదలండి.

ఇంత పని ఒక్కరే చేయాలా అనిపించవచ్చు. అక్కర్లేదు. ‘తేల్చుకోండి’ అన్న మాట మీవారు వెనక్కి తీసుకోవాలి. అల్లరి పిల్లిదే అయినా, భర్త పోయి వచ్చిన తల్లీ, ఉద్యోగం చేసి అలసి వచ్చే భార్యా ఇద్దరూ ఆయన మనుషులే. గోడకు బల్ల కొట్టడం, రోజూ రాత్రి ట్రే ఎత్తడం, ఏటా రేబిస్ టీకాకు తీసుకెళ్లడం ఆయన వాటా. ఆదివారం తల్లిని కూర్చోబెట్టి, తెనాలి ఇంటి గురించి ఆవిడ ఏమనుకుంటున్నారో అడగమనండి. ఆ మాట ఎత్తగలిగేది కొడుకే.

రెండు నెలలు అందరూ ఒకే పద్ధతి పాటించాక కూడా ఆవిడకు ముద్ద దిగకపోతే, చిట్టిని బాగా తెలిసిన ఇంటికి, వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే, దాని గిన్నె, గోనెపట్టాతో సహా మీరే స్వయంగా దిగబెట్టి రండి. అది ఓటమి కాదు. అంతదాకా రాదనే నా నమ్మకం.

ఈలోగా ఎప్పుడైనా చొంగ కారుస్తూ, నోరు రుద్దుకుంటూ, వాంతులు చేసుకుంటూ కనిపిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. కొరికిన ఆకును కవర్లో వేసుకుని దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరికి వెంటనే పరిగెత్తండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. మీ ఇంటికి దగ్గర్లో రాత్రిపూట చూసే క్లినిక్ ఏదో ఇవాళే కనుక్కుని, ఆ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అత్తయ్యకు కూడా కనపడేలా అంటించండి. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడే.