పల్లపు చేలో నేపియర్ కుళ్లుతుంటే

అరెకరం జిగటనేలలో సూపర్ నేపియర్ పశుగ్రాసం వానలకి పసుపెక్కి దుబ్బులు కుళ్లుతున్నాయి, ఇంకా యూరియా వెయ్యాలా అని అడిగారు కదండీ. వద్దు, డబ్బు దండగ. వేళ్లకి గాలి లేదక్కడ. ఒక దుబ్బు పీకి చూడండి: వేరు నల్లబడి మురుగు వాసన కొడుతుంటే ఆ మడి ఇక నేపియర్‌కి పనికిరాదు. మెరకనున్న చోటే అడుగెత్తు బోదెలు తోలి, రెండు కణుపుల ముక్కలు రెండడుగుల ఎడంతో నాటండి.

పల్లానికి పారాగడ్డే దిక్కు. కణుపులున్న తీగ ముక్కలు బురదలో గుచ్చితే చాలు, బతికేస్తుంది. మొదటి కోత 75-80 రోజులకి, ఆపైన 40-45 రోజులకోసారి. కొడవలి మాత్రం నీటిమట్టానికి పైనే పడాలండోయ్! నత్తలున్న నీళ్లలో మునిగిన గడ్డి మేస్తే గేదెలకి కార్జపు జలగలు (కాలేయంలో చేరే పురుగులు) పడతాయి.

దాళ్వా (రెండో పంట వరి) వెయ్యని చేనుంటే వరికోతకి ముందు పదునులో పిల్లిపెసర అనే పప్పుజాతి మేత చల్లుకోండి, ఎకరాకి 10-12 కిలోలు.