సినిమానా, సిరీసా? నేను ఏది ఎక్కువ చూస్తాను

"మీరు సినిమాలు ఎక్కువ చూస్తారా, సిరీస్‌లా? ఏది మేలు?" అన్న ప్రశ్నకు నా జవాబు: లెక్కకు సిరీస్‌లే ఎక్కువ, ఇష్టానికి సినిమా.

సిరీస్‌కు ఉన్న బలం వ్యవధి. ఒక మనిషి క్రమంగా చెడిపోవడాన్ని రెండున్నర గంటల్లో నమ్మించడం చాలా కష్టం. 2008లో మొదలై 2013లో ముగిసిన 'బ్రేకింగ్ బ్యాడ్'లో ఒక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడి పతనాన్ని 62 ఎపిసోడ్లలో చూపించారు. ఒక అబద్ధం లోంచి మరో అబద్ధం పుట్టడం మన కళ్లముందే జరుగుతుంది. అందుకే అతణ్ని అసహ్యించుకుంటూనే చూడటం మానలేం. అన్ని కథలకూ అంత నిడివి అక్కర్లేదు. 2019లో వచ్చిన 'చెర్నోబిల్' ఐదు ఎపిసోడ్లలోనే అణు ప్రమాదాన్నీ, దాన్ని కప్పిపుచ్చిన వ్యవస్థనూ కళ్లకు కట్టింది. మరో సీజన్ కోసమే కథను సాగదీస్తే నేను నిర్మొహమాటంగా ఆపేస్తాను.

సినిమాను మాత్రం హాల్లోనే చూడాలి. మా విశాఖలో జగదాంబ సెంటర్‌కు ఆ పేరు వచ్చిందే జగదాంబ థియేటర్ వల్ల. చీకట్లో వందలమంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం ఫోన్ తెర మీద దొరకదు. పైగా అక్కడ ఆపే మీట ఉండదు, దర్శకుడి వేగానికి మనం తలొగ్గాల్సిందే. ఎంత మంచిదో!

పనిరోజుల్లో రాత్రి భోజనమయ్యాక ఒక్క ఎపిసోడ్, సెలవు రోజున సినిమా. సిరీస్‌తో నిద్ర పాడవుతుంటే ఇలా చేయండి: ఎపిసోడ్ చివరి ఉత్కంఠ దగ్గర కాక, తర్వాతి దానిలో ఆ చిక్కు విడిపోయిన చోట ఆపండి.