లా డిగ్రీతో విదేశాల్లో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ నాలుగో సంవత్సరంలో ఉంది. ఈ డిగ్రీతో విదేశాల్లో ఉద్యోగం దొరుకుతుందా? అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం చేయిస్తే అక్కడే స్థిరపడవచ్చని ఒక కన్సల్టెన్సీ వారు అంటున్నారు. బ్రిటన్, కెనడాలతో కూడా పోల్చి చెప్పండి. మా బంధువుల పిల్లలంతా ఇంజినీరింగ్ చేసి వెళ్లిపోయారు. మా పాపను మేమే తప్పుదారి పట్టించామేమోనని దిగులుగా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరెవరినీ తప్పుదారి పట్టించలేదు. లా చదివే పిల్లల తల్లిదండ్రుల నుంచి నాకు వచ్చే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. అడిగేది దేశం గురించి, బెంగ మాత్రం బంధువుల పిల్లల గురించి. ఒక మాట కటువుగానే అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మూడు దేశాల పేర్లున్నాయి గానీ, మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు. కంపెనీ చట్టమా, క్రిమినల్ కేసులా, పన్నులా? తనను ఎప్పుడైనా అడిగారా?

ఇంజినీర్లతో పోలిక ఇక్కడ కుదరదు. సాఫ్ట్‌వేర్ ఏ దేశంలోనైనా ఒకేలా పనిచేస్తుంది, చట్టం మాత్రం దేశానికొకటి. అందుకే ఎక్కడికెళ్లినా లాయరుగా పనిచేయాలంటే ఆ దేశం లైసెన్సు తెచ్చుకోవాల్సిందే.

ఇక అమెరికా ఎల్‌ఎల్‌ఎం. ఇప్పుడు దీని మీద మోజు విపరీతం. నాకు మాత్రం అనుమానాలే ఎక్కువ. కోర్సు ఉండేది ఒకే విద్యా సంవత్సరం. పెద్ద లా సంస్థలు కొత్తవారిని ప్రధానంగా అక్కడ మూడేళ్ల జేడీ (లాయర్లు కావడానికి అక్కడివారు చదివే ప్రధాన లా డిగ్రీ) చదివినవారిలోంచే తీసుకుంటాయి. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసాపైనే పనిచేసే అనుమతి) కింద పనిచేసుకోవడానికి దొరికేది 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులు చదివిన మీ బంధువుల పిల్లలకు దానిపై మరో 24 నెలలు అదనంగా ఉంటాయి. లా డిగ్రీకి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి బార్ పరీక్ష (లాయరు లైసెన్సు కోసం రాసేది) రాసి, ఫలితం కోసం ఎదురుచూస్తూనే, హెచ్-1బీకి స్పాన్సర్ చేసే సంస్థను వెతుక్కోవాలి. ఆ పైన లాటరీలో పేరు రావాలి. రాకపోతే తిరుగు ప్రయాణం, దాంతోపాటు విద్యారుణం వాయిదాలు. ఇవన్నీ మీకు ఆ కన్సల్టెన్సీ వారు చెప్పారా? చెప్పకపోతే, మీరెందుకు అడగలేదు?

పైగా న్యూయార్క్ బార్ పరీక్షకు ఎల్‌ఎల్‌ఎం అందరికీ తప్పనిసరి కాదు. కామన్ లా దేశాల్లో (మన దేశంలా ఇంగ్లిష్ తరహా న్యాయవ్యవస్థ ఉన్నవి) చదివినవారి డిగ్రీ, దాని కాలవ్యవధి, అందులోని సబ్జెక్టులు సరిపోతే నేరుగా రాసే వీలుంది. ముందు అక్కడి బోర్డ్ ఆఫ్ లా ఎగ్జామినర్స్‌కు పత్రాలు పంపి అర్హత తేల్చుకోవాలి. లోటు ఉందంటేనే ఎల్‌ఎల్‌ఎం. అప్పుడు కూడా కనీసం 24 క్రెడిట్లు, వాటిలో వృత్తి నియమాలు, లీగల్ రైటింగ్ వంటి నిర్దేశిత సబ్జెక్టులు ఉండాలి. పేరు ఘనంగా ఉందని ఏదో ఒక కోర్సులో చేరితే ఫీజు కట్టి కూడా పరీక్ష రాయలేని పరిస్థితి రావచ్చు.

ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్ (క్లయింట్లకు సలహాలిచ్చి, పత్రాలు, కేసుల పని చూసే లాయరు) కావడానికి అసలు ఎల్‌ఎల్‌ఎంతో పనే లేదు. 2021 నుంచి అక్కడ ఎస్‌క్యూఈ అనే పరీక్ష ఉంది. మొదటి దశలో రోజుకు 180 చొప్పున రెండు రోజుల్లో 360 బహుళైచ్ఛిక ప్రశ్నలు. క్లయింటు సొమ్మును సొలిసిటర్ ఏ ఖాతాలో ఎలా చూపాలన్నది కూడా అడుగుతారు. మన లా కాలేజీలో అది నేర్పరు కాబట్టి విడిగా చదువుకోవాలి. ఈ దశను ఇండియాలోని కేంద్రంలోనే రాయవచ్చు. రెండో దశలోని మౌఖిక పరీక్షలకు మాత్రం అక్కడికి వెళ్లాలి. మామూలుగా రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. ఇక్కడ ఇప్పటికే అడ్వొకేట్‌గా అర్హత ఉన్నవారికి ఆ షరతు లేదు. ఇన్ని సానుకూలతలున్నా, పాసైనంత మాత్రాన వీసా రాదు. స్పాన్సర్ చేసే సంస్థ అక్కడా కావాలి.

కెనడాలో ఎన్‌సీఏ అనే సంస్థ మన డిగ్రీని పరిశీలించి, రాజ్యాంగ చట్టం, పాలనా చట్టం వంటి కెనడా సబ్జెక్టుల్లో పరీక్షలు రాయమంటుంది. తర్వాత ఏ ప్రావిన్సులో ఉండదలిస్తే అక్కడి లైసెన్సు ప్రక్రియ. ఓపిక ఉండాలి.

లైసెన్సు లేకుండా చేసే పని కూడా తక్కువేమీ కాదు. కాంట్రాక్టులు, కంప్లయన్స్ (కంపెనీ చట్టాలను పాటించేలా చూడటం), డేటా గోప్యత వంటి విభాగాల్లో కంపెనీలకు లా చదివినవారు కావాలి. 2018లో అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే ఐరోపా డేటా గోప్యత చట్టాన్ని, ఐరోపా యూనియన్‌లోని వారికి వస్తువులు, సేవలు అమ్మే కంపెనీలు ఎక్కడున్నా పాటించాల్సిందే. సింగపూర్‌లో జరిగే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ముందు తేల్చుకునే) కేసుల్లో విదేశీ లాయర్లు కూడా వాదించవచ్చు. ఇలాంటి పనిలో చేయి తిరిగితే, ఆమె కోసం సంస్థలే వీసాకు దరఖాస్తు చేస్తాయి.

అందుకని డిగ్రీ పూర్తిచేయనివ్వండి. బార్ కౌన్సిల్‌లో నమోదై, ఏఐబీఈ (మన దేశంలో ప్రాక్టీసుకు రాయాల్సిన అఖిల భారత బార్ పరీక్ష) పాసై, తనకు నచ్చిన విభాగంలో రెండు మూడేళ్లు పనిచేయనివ్వండి. అప్పటికి తనకు పాతికేళ్లు దాటుతాయంతే, కొంపలేమీ మునగవు. విదేశాలకు వెళ్లాలో వద్దో, వెళ్తే ఎక్కడికో అప్పుడు తనే మీకు చెబుతుంది.

ఈలోగా కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టకండి. గత మూడేళ్లలో వారు ఎల్‌ఎల్‌ఎంకు పంపినవారిలో ఎందరు ఓపీటీ గడువు తర్వాత కూడా అమెరికాలో లాయర్లుగా ఉన్నారో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. సమాధానం వస్తే నాకు మళ్లీ రాయండి.